పడిపోయినవారు తిరిగివచ్చిన త్రోవ

ఈజిప్టు దేశములో నైలునదికి పడమరగా ఫయ్యూము అనే పల్లపు ప్రాంతమున్నది. అక్కడి ఇసుక చెమ్మ యెరుగని ఇసుక. అందుచేత వేల యేండ్లనాటి పత్రములను కూడా అది చెడనీయక తన కడుపులో దాచుకొన్నది. అట్లు బయటపడిన ఒక పత్రమును 1893లో ఒక జర్మను పండితుడు ప్రకటించినాడు. అది క్రీ.శ. 250వ సంవత్సరము జూన్ 26వ తేదీనాటి అర్జీ. పెట్టుకొన్నవాడు ఔరేలియస్ డయోజెనిస్ అనే వృద్ధుడు. వయస్సు 72 ఏండ్లు. ఆనవాలు, కుడి కనుబొమమీద గాటు. తన గ్రామములో బలులను పర్యవేక్షించుటకు ఏర్పడిన పెద్దలకు అతడు విన్నవించుకొన్న విషయమిది: తాను ఎల్లప్పుడును దేవతలకు బలులర్పించుచునే యున్నాడు, ఇప్పుడు శాసనము ననుసరించి వారి కన్నులయెదుటనే బలి యిచ్చి, ద్రాక్షారసము ధారపోసి, బలిమాంసమును రుచిచూచినాడు, కావున ఆ మాట నిజమని వారు క్రింద సంతకము చేసి యియ్యవలెను.

ఇటువంటి చీటీలు నేటికి నలభైకి పైగా దొరకినవి. వానిలో మొసలిదేవతకు పూజారిణియైన ఒక స్త్రీ చీటీ కూడా ఉన్నది. దేవతల గుడిలోనే బ్రతుకు గడుపుచున్న ఆమె తాను దేవతలను కొలుచుచున్నానని ధ్రువపత్రము తెచ్చుకొనవలసివచ్చినది! ప్రభుత్వపు కాగితముల చమత్కారము ఆ నాటికే పుట్టినదన్నమాట. డయోజెనిస్ క్రైస్తవుడో కాదో ఆ చీటీని బట్టి తేలదు. క్రైస్తవుడు కానివానికి అదొక కాగితము మాత్రమే. సంతకమైన పిమ్మట మడిచి పెట్టెలో వేసి మరచిపోవచ్చును. క్రైస్తవుడైనవానికి మాత్రము అది మరపునకు వచ్చే కాగితము కాదు.

ఆ శాసనమును పుట్టించినవాడు డేషియస్ చక్రవర్తి. అతడు 249లో సింహాసనమెక్కినాడు. రోము నగరము తన వేయేండ్ల ఉత్సవమును 248లో జరుపుకొన్నది. కాని డాన్యూబు నదీతీరమున అనాగరక జాతుల ఒత్తిడి పెరుగుచున్నది, ఖజానా తరిగిపోవుచున్నది. పూర్వదేవతల యనుగ్రహము తప్పినదేమో అన్న శంక పాలకులకు కలిగినది. సామ్రాజ్యములోని జనులందరును దేవతలకు బలి అర్పించి తీరవలెనని ఆజ్ఞ వెడలినది. 212లోనే కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యములోని స్వతంత్రులకు దాదాపుగా అందరికిని పౌరసత్వ మిచ్చియుండుటచే ఈ ఆజ్ఞ గుడిసెగుడిసెకును ప్రాకినది. మన డయోజెనిస్ పేరుకు ముందున్న ‘ఔరేలియస్’ ఆ పౌరసత్వపు గుర్తే.

అంతకు ముందు కొన్ని దశాబ్దములుగా క్రైస్తవులకు పెద్ద బాధ లేదు. సంఘములు పెరిగినవి, ఆస్తులు పెరిగినవి, పెండ్లిండ్లు పేరంటములు కలిసినవి. ఆ నెమ్మదిలో ఆజ్ఞ పిడుగువలె పడినది. 250 జనవరి 20వ తేదీన రోము బిషప్పు ఫేబియన్ ప్రాణములు విడిచినాడు. కొందరు చెరసాలకు పోయినారు, కొందరు చిత్రహింసలలో మరణించినారు. కాని ఎక్కువమంది పడిపోయినారు. ‘పడిపోయినవారు’ అనునది ఆ కాలపు లాటిను సంఘము పెట్టుకొన్న పేరే. వారిలోనూ అంతరములున్నవి. పశువును బలియిచ్చినవారు ఒక తెగ. చిటికెడు సాంబ్రాణి నిప్పులో వేసి తప్పించుకొన్నవారు రెండవ తెగ. ఏమీ చేయకుండ అధికారి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, చేసినట్లు చీటీ వ్రాయించుకొన్నవారు మూడవ తెగ. ఈ కడపటివారిని మన వాడుకలో చీటీవారనవచ్చును.

ఆఫ్రికా ఉత్తరతీరమున కార్తేజి నగరమున్నది. అక్కడి బిషప్పు సిప్రియన్. సంపన్నుడు, వాక్చతురుడు, వక్తృత్వశాస్త్రమును బోధించిన అధ్యాపకుడు; నడివయస్సులో క్రైస్తవుడై రెండు మూడేండ్లు తిరుగకుండనే బిషప్పయినాడు. ‘పడిపోయినవారిని గురించి’ అని 251లో అతడు వ్రాసిన గ్రంథమొకటి నేటికి నిలిచియున్నది. అందులో కార్తేజి బలిపీఠము దగ్గర జరిగినది అతడు వర్ణించిన తీరు చదువరిని వెంటాడును. సైనికులు వచ్చి పట్టుకొనక మునుపే జనము తమంతట తామే పరుగెత్తినారట. సాయంకాలమై అధికారులు ‘రేపు రండి’ అన్నను, ఆ రాత్రికే తమ పని ముగించి పంపుమని బతిమాలినారట. తమ మేకను తామే తోలుకొనివచ్చినవారున్నారు. చంకబిడ్డలను ఎత్తుకొనివచ్చి వారిచేత కూడ ముట్టించినవారున్నారు. ఇంతకును కారణమేమని విచారించి సిప్రియన్ ప్రధానముగా ఒక్క కారణము చెప్పినాడు: ఆస్తి. వారు సొమ్మును పట్టుకొన్నామనుకొన్నారు, నిజమునకు సొమ్మే వారిని పట్టుకొన్నదని అతని యభిప్రాయము.

డేషియస్ 251 జూన్‌లో గోతులతో యుద్ధము చేయుచు మడిసినాడు. అతడు చావకముందే బాధ తగ్గుముఖము పట్టినది. అప్పుడు అసలు చిక్కు మొదలైనది. పడిపోయినవారు తిరిగి సంఘపు వాకిట నిలిచినారు.

ఈ చిక్కు ఎంత లోతైనదో తెలియవలెనంటే ఆనాటి నమ్మకమొకటి గ్రహింపవలెను. బాప్తిస్మముతో అంతవరకు చేసిన పాపములన్నియు కడిగివేయబడును. అందులో వాదము లేదు. కాని బాప్తిస్మము పొందిన పిమ్మట విగ్రహారాధనయో, హత్యయో, వ్యభిచారమో చేసినవాని గతి యేమి? హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని ఆరవ అధ్యాయము చదివిన కొందరికి తలుపు మూసికొన్నట్లే తోచినది. రెండవ శతాబ్దపు ‘హెర్మసు కాపరి’ అనే గ్రంథము, బాప్తిస్మానంతరము ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పశ్చాత్తాపమునకు అవకాశము కలదన్నది. కార్తేజివాడే యైన టెర్టూలియన్ దానిని ఓడ పగిలినవానికి దొరకిన పలకతో పోల్చినాడు; పిదప తానే ఒక కఠోరశాఖలో చేరి ఆ పలకను కూడ లాగివేసినాడు. పశ్చాత్తాపమన్నది ఏకాంతమున కన్నీరు కార్చి లేచిపోవుట కాదు. గోనెపట్ట కట్టి, బూడిద పూసికొని, సంఘము కూడుచోట గుమ్మము దగ్గర నిలిచి, లోపలికి పోవువారి కాళ్లకు మ్రొక్కి తనకై ప్రార్థింపుమని అడుగవలెను. ప్రభువు బల్లదగ్గరకు మాత్రము పోరాదు. అది నెలలు కావచ్చును, ఏండ్లు కావచ్చును.

ఇట్లుండగా ఒక దగ్గరదారి బయటపడినది. బాధలను సహించి చెరసాలలో నున్న వీరులకు దేవుని సన్నిధిలో చనువున్నదని జనుల విశ్వాసము. పడిపోయినవారు వారి యొద్దకు పరుగెత్తి సిఫారసు చీటీలు వ్రాయించుకొన్నారు. దినమునకు వేలకొలది చీటీలు విచారణ లేకుండ పంచబడుచున్నవని సిప్రియన్ మొరపెట్టినాడు. కొన్నిటిలో ‘ఫలానివానిని, అతనివారిని చేర్చుకొనుడు’ అను తీరున మాత్రమే యుండెను. ఆ ‘అతనివారు’ ఇరువదిమందియో ముప్పదిమందియో తేలరు. ఒక చీటీతో పడినవాడు మరొక చీటీతో లేవజూచుచున్నాడు! ఈ సామ్యము ఆనాటివారిని కూడ నవ్వించియుండును, ఏడిపించియుండును.

కాని నిరాకరించుటకు సిప్రియన్‌కు మొగమేదీ? బాధ మొదలుకాగానే అతడే ఊరువిడిచి దాగినాడు. సంఘమునకు తన ప్రాణము అవసరమని అతడు చెప్పుకొన్నాడు. దాగినచోటినుండి ఉత్తరములతోనే సంఘమును నడిపినాడు. ఐనను మంద నొదలి పారిపోయిన కాపరిని గూర్చి రోమునుండి ఎత్తిపొడుపుగా ఒక లేఖ వచ్చినది. దానిపై వ్రాసినవారి పేరు సరిగా లేదనియు, వ్రాతయు కాగితమును సందేహాస్పదముగా నున్నవనియు, మీరు వ్రాసినదేనా చూడుడనియు సిప్రియన్ ఆ లేఖనే వారికి తిప్పిపంపినాడు. అధ్యాపకునిగా పనిచేసినవాని జవాబు!

ఆ ఉత్తరముల కట్టలో సెలెరినస్ అనే యువకునిది ఒకటి కలదు. అతడు స్వయముగా చెరలో బాధలుపడి నిలిచినవాడు. అతని సోదరి మాత్రము నిలువలేదు. ఈస్టరు పండుగనాడు సంఘమంతయు ఆనందించుచుండగా తాను కన్నీళ్లతోనే గడిపితినని, ఆమెకొరకు అర్థించుమని, కార్తేజి చెరలోనున్న మిత్రునికి అతడు వ్రాసికొన్నాడు. సూత్రములను గూర్చి వాదించువారు ఈ ఉత్తరమును ఒకసారి చదివి వాదించుట మంచిది. పడినవారు ఎక్కడివారో కారు, నిలిచినవాని అక్కచెల్లెండ్రే.

పాఠశాలలో పనిచేయువారికి ఈ సమస్య యొక్క రూపము కొత్త కాదు. తప్పుచేసిన పిల్లవానిని ఆ పూటనే తరగతిలో కూర్చుండబెట్టినచో, దెబ్బలు తినియైనను నిజము చెప్పిన పిల్లవాని మొగము చూడలేము. వానిని బడినుండి గెంటివేసినచో వాడు ఇక దేనికిని పనికిరాడు. ఈ రెండిటి నడుమ త్రోవ వెదకుటలో ఎన్ని రాత్రులు నిద్రపట్టకపోవునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

రోములో నొవేషియన్ అనే పెద్ద త్రోవ వెదకుట మానివేసినాడు. పండితుడు, త్రిత్వమును గూర్చి అతడు వ్రాసిన గ్రంథమును నేటికిని గౌరవముతో చదువుదురు. బాధల కాలమున రోము పెద్దల పక్షమున సిప్రియన్‌కు మితముగా, సమంజసముగా ఉత్తరము వ్రాసినవాడు కూడ అతడే. కాని 251లో కొర్నేలియస్ బిషప్పుగా ఎన్నికైన తరువాత నొవేషియన్ ఎదురు బిషప్పయి, పడిపోయినవారికి సంఘములో ఇక ఎన్నటికిని చోటులేదని వాదించినాడు. దేవుడు వారిని క్షమించునేమో, అది దేవుని పని. క్షమించితిమని చెప్పు అధికారము సంఘమునకు లేదు అనుట అతని పక్షము. అసూయయే అతని వాదమునకు మూలమని శత్రువులన్నారు. అంత తేలికగా కొట్టివేయదగిన వాదము కాదని నా యభిప్రాయము. చెరసాలలో ఎముకలు విరిగినవారి త్యాగమునకు అర్థమేమన్న ప్రశ్న అతని వెనుక నిలిచియున్నది. కాని ఆ ప్రశ్నకు అతడిచ్చిన జవాబులో ఒక మనిషి మొగము కూడ కనబడదు.

సిప్రియన్‌కు మొగములు కనబడినవి. 251 వసంతమున అతడు కార్తేజికి తిరిగివచ్చి ఆఫ్రికా బిషప్పులతో సభ చేసినాడు. తరువాత ఒక మిత్రునికి వ్రాసిన పెద్ద ఉత్తరములో అతడు తప్పులను త్రాసులో పెట్టి తూచిన తీరు చూడదగినది. పిలిచీ పిలువకముందే పరుగెత్తినవాడును, చాల పెనుగులాడి చివరకు లొంగినవాడును ఒకటేనా? భార్యను, బిడ్డలను, ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని పోయినవాడును, తానొక్కడు పోయి ఆ యింటివారినందరిని ఆపదనుండి తప్పించినవాడును ఒకటేనా? బలి యియ్యరాదని బోధకుడు చెప్పగా విని, ఇయ్యకుండుటకే డబ్బు కట్టితినని అమాయకముగా చెప్పిన చీటీవాడు, అదియు తప్పేనని తెలిసి ఏడ్చుచున్నాడు, వానిమాట యేమి? సభ తీర్పు ఇట్లు కుదిరినది: చీటీవారిని ఒక్కొక్కరిగా విచారించి చేర్చుకొనవచ్చును, బలి యిచ్చినవారు పశ్చాత్తాపములో కొనసాగవలెను, మరణసమయమున వారికి సమాధానము దొరకును.

మరణసమయమున అను ఆ రెండు మాటలలో ఎంత బరువున్నదో అలెగ్జాండ్రియాలో జరిగిన ఒక సంగతి తెలుపును. అక్కడి బిషప్పు డయొనీషియస్, నొవేషియన్ వైపు మొగ్గుచున్న అంతియొకయ బిషప్పునకు దీనిని వ్రాసి పంపినాడు. చరిత్రకారుడు యూసీబియస్ ఆ లేఖను తన గ్రంథములో భద్రపరచినాడు.

సెరాపియన్ అనే వృద్ధుడొకడు చిరకాలము నిందలేకుండ బ్రతికి, కడపట ఆ పరీక్షలో పడిపోయినాడు. పిమ్మట ఎన్నోసార్లు క్షమాపణ వేడినాడు. బలి యిచ్చినవాడు గనుక ఎవరును చెవిని పెట్టలేదు. అతనికి జబ్బుచేసినది. మూడు దినములు మాటలేదు, తెలివిలేదు. నాలుగవనాడు కొంచెము తెలివివచ్చి కూతురి కొడుకును దగ్గరకు పిలిచినాడు. నన్నింకను ఎంతకాలము పట్టియుంచెదరు, త్వరగా పోనీయుడు, పెద్దలలో నొకరిని పిలువుమని చెప్పి మరల మాట పడిపోయినది. పిల్లవాడు పరుగెత్తినాడు. అది రాత్రివేళ. ఆ పెద్దయు జబ్బుతో మంచము పట్టియున్నాడు, రాలేడు. కాని చావుబ్రతుకులలో నున్నవారు వేడినచో, ముఖ్యముగా ముందునుండి వేడుచున్నవారైనచో, వారిని ఆశతో సాగనంపవలెనని డయొనీషియస్ ఆజ్ఞ యిచ్చియున్నాడు. అందుచేత ఆ పెద్ద ప్రభుభోజనపు రొట్టెలో చిన్న తునకను ఆ పిల్లవాని చేతిలో పెట్టి, నీటిలో తడిపి తాతగారి నోటిలో వేయుమన్నాడు.

ఆ చీకటిలో ఆ తునకను పిడికిట పట్టుకొని పిల్లవాడు ఇంటికి పరుగెత్తుట ఊహించుకొనుడు. వాడు ఇంటిలో అడుగుపెట్టకముందే ముసలివానికి మరల స్పృహ వచ్చినది. వచ్చితివా అని అడిగి, పెద్ద రాలేకపోయినాడని తానే చెప్పి, అతడు చెప్పినది త్వరగా చేసి నన్ను విడువుమన్నాడు. పిల్లవాడు తునకను తడిపి నోటిలో వేసినాడు. కొంచెము మ్రింగెనో లేదో ప్రాణము పోయినది. ఆ క్షణము వరకు అతడు చావుతో పెనుగులాడి నిలిచినది దీనికొరకే కాదా అని డయొనీషియస్ అంతియొకయకు వ్రాసినాడు. వచనములు పేర్చి ప్రతివాదిని ఓడింపలేదు; ఒక ముసలివానిని, ఒక పిల్లవానిని చూపించి ఊరకున్నాడు.

ఇక్కడ మాటలను గురించి ఒక మాట. హెబ్రీ ప్రవక్తలు ఈ విషయమున వాడిన క్రియ ‘షూబ్’. వెనుకకు తిరుగుట అని దాని తిన్నని యర్థము. త్రోవ తప్పినవాడు ఆగి, మొగము త్రిప్పి, వచ్చిన దారినే నడచుట. గ్రీకు నూతననిబంధనలోని ‘మెటనోయా’ మనస్సు మారుట. మన తెలుగు బైబిలు అనువాదకులు దీనికి ‘మారుమనస్సు’ అని చక్కని సమాసము కట్టినారు. ‘పశ్చాత్తాపము’ సంస్కృతమునుండి వచ్చినది. పశ్చాత్, తాపము, అనగా తరువాతి మంట. విద్యార్థులు ఈ మూడింటిని పర్యాయపదములుగా వల్లెవేయుదురు. కాని ఒకటి పాదములలో, ఒకటి బుద్ధిలో, ఒకటి గుండెలో జరుగు పనులు. సెరాపియన్‌కు గుండెమంట ఎప్పుడో కలిగినది, బుద్ధి ఎప్పుడో మారినది. పాదములకే చోటు దొరకలేదు. చివరకు మనుమని పాదములు ఆ పని చేసినవి.

పేతురు కథ ఈ వాదములో మాటిమాటికి వచ్చుట సహజము. ప్రధానయాజకుని లోగిలిలో చలికాచుకొనుచు ముమ్మారు బొంకినవాడు సంఘమునకు మూలస్తంభమైనాడు గదా. నాలుగవ శతాబ్దమున మిలాను బిషప్పు ఆంబ్రోసు నొవేషియన్ శాఖవారికి ప్రత్యుత్తరముగా ఒక గ్రంథమునే వ్రాసి, అందులో పేతురు కన్నీటిని ఎదుట నిలిపినాడు. యోహాను సువార్తను శ్రద్ధగా చదువువారు ఇంకొక సంగతి గమనింతురు. పేతురు బొంకినచోట బొగ్గులమంట యున్నది. లేచిన యేసు గలిలయ సముద్రతీరమున అతనిని ముమ్మారు ప్రశ్నించినచోటను బొగ్గులమంటయే యున్నది. ఆ గ్రీకు మాట నూతననిబంధనలో ఈ రెండుచోట్ల తప్ప మరెక్కడను లేదు.

సిప్రియన్ సభ తీర్పు ఎక్కువకాలము నిలువలేదు. ఒకటి రెండేండ్లలోనే మరియొక బాధ రానున్నదన్న సూచనలు కనిపించినవి. పశ్చాత్తాపములో కొనసాగుచున్నవారినందరిని వెంటనే చేర్చుకొనుడని ఆఫ్రికా బిషప్పులు తీర్మానించినారు. రేపు క్రీస్తుకొరకు రక్తము చిందింపుమని వారిని అడుగబోవుచు, నేడు క్రీస్తు పాత్రను వారికి అందనీయకపోవుట యెట్లు, అనుట వారి తర్కము. అప్పటికి మూడేండ్లుగా గుమ్మముదగ్గర నిలిచి యేడ్చుచున్నవారున్నారు. ముగ్గురి సంగతి ఒక లేఖలో వచ్చినది: న్యాయాధికారి ముందు నిలిచి గెలిచి, జనుల దౌర్జన్యమునకు లొంగక, చివరకు ప్రాంతాధిపతి సమక్షమున చాలకాలము సాగిన హింసలో శరీరము ఓడిపోయినవారు. వారికి మూడేండ్ల కన్నీరు చాలునన్నాడు సిప్రియన్.

తరువాతి కథ పొడుగైనది. 325లో నికయ సభ పన్నెండేండ్ల శిక్షను నిర్ణయించినది: బలవంతము లేకుండనే పడిపోయినవారు మూడేండ్లు వినువారిలో, ఏడేండ్లు మోకరించువారిలో, రెండేండ్లు అందరితో ప్రార్థనలోనుండి, ఆపై బల్లకు రావలెను. నొవేషియన్ శాఖవారు తమను ‘శుద్ధులు’ అని పిలుచుకొనుచు అప్పటికిని ఉన్నారు. వారి బిషప్పు అకేసియస్ వాదమును విన్న కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ఐనచో నిచ్చెన వేసికొని నీవొక్కడవే స్వర్గమున కెక్కుమని హాస్యమాడినట్లు సోక్రటీసు అనే చరిత్రకారుడు వ్రాసినాడు. ఆ పిమ్మట ఐర్లండు సన్యాసులు గుమ్మముదగ్గరి పశ్చాత్తాపమును ఏకాంతపు ఒప్పుకోలుగా మార్చి, ఒక్కసారి కాదు, ఎన్నిసార్లైనను అన్నారు.

సిప్రియన్‌ను మరచినాము. 257లో వలేరియన్ చక్రవర్తి మరల బాధ మొదలుపెట్టినాడు. సిప్రియన్‌ను మొదట ఊరినుండి వెళ్లగొట్టినారు. తరువాత మరణశిక్ష అన్నారు. ఈమారు తప్పించుకొనుమని మిత్రులు చెప్పినను అతడు కార్తేజిని విడువలేదు. 258 సెప్టెంబరు 14వ తేదీన ఊరిబయట ఒక చెట్లతోపులోనికి తీసికొనిపోయినారు. జనము వెంట కదలినది. మమ్మును అతనితోకూడ చంపుడని కేకలు వేసినది. అతడు పైవస్త్రము తీసి మోకరించి ప్రార్థించి, తలారికి ఇరువదియైదు బంగారు నాణెములు ఇప్పించినాడు. కండ్లకు తానే గంత కట్టుకొన్నాడు. చేతులు కట్టుకొనరాలేదు, ఇద్దరు శిష్యులు కట్టినారు. రక్తము పడుచోట జనులు తమ గుడ్డలు పరచినారు. ఆ గుడ్డలు పరచిన చేతులలో, ఎనిమిదేండ్లక్రితము సాంబ్రాణి వేసిన చేతులు కూడ ఎన్నో యుండియుండును.